ఎర్విన్ పారేసిన వారం

మా డ్రై క్రీక్‌లో ధాన్యపు గిడ్డంగిని కూల్చిన పొద్దున ఊరంతా రైలు పట్టాల దగ్గర నిలబడి చూసింది. ఎనిమిది అంతస్తుల ఎత్తున్న చెక్క కట్టడం అది. దూరం నుంచి వచ్చేవాళ్ళకి ముందు అదే కనిపించేది, తర్వాతే ఊరు. యంత్రం ఒక పక్క నుంచి తోయగానే, ముసలి గుర్రం మోకాళ్ళ మీదికి వచ్చినట్టు మెల్లగా వంగి కూర్చుండిపోయింది. అరవై ఏళ్ళ గోధుమ దుమ్ము బంగారు మబ్బులా లేచి, కిందికి దిగడం మరిచిపోయినట్టు చాలాసేపు గాలిలోనే నిలిచింది.

చూడడానికి రానివాడు ఎర్విన్ న్యూడార్ఫ్ ఒక్కడే. పందొమ్మిదేళ్ళు ఆ గిడ్డంగిని నడిపింది అతనే. ఆ పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఆసుపత్రికి వచ్చి రికార్డుల గుమాస్తాగా చేరాడు. నేను అక్కడ వార్డు గుమాస్తాని. అతని బల్ల నా బల్ల పక్కనే వేశారు. కిటికీలోంచి దుమ్ము మబ్బు కనిపిస్తూనే ఉంది. అతను అటు చూడకుండా నా వైపు తిరిగి, "రోజుకి ఎన్ని వస్తాయి, ఎన్ని పోతాయి?" అని అడిగాడు.

ఇక్కడికి లారీలు రావు, మనుషులొస్తారు అన్నాను.

"సరే, మనుషులే. లోపల ఎంతమంది ఉన్నదీ ఎవరు చెప్తారు?"

రోజూ పొద్దున ఏడింటికి నేనే మంచం మంచం తిరిగి లెక్కపెడతానని చెప్పాను. అతని ముఖం వెలిగింది. కొత్త ఊళ్ళో తన భాష మాట్లాడే మనిషి దొరికినట్టు చూశాడు.

గిడ్డంగి అతనికి నేర్పిన పాఠం ఒకటుంది. ఎన్నిసార్లు చెప్పినా విసుగు పుట్టదు, ఎందుకంటే చెప్పేటప్పుడు అతని కళ్ళలో సెప్టెంబరు వచ్చి కూర్చుంటుంది. కోతల రోజుల్లో లారీలు గిడ్డంగి ముందు నుంచి చర్చి మలుపు దాకా బారులు తీరేవి. రైతులు కిందికి దిగి, ఇంకో నాలుగు గదులు కట్టమనవయ్యా మీ కంపెనీని అని అతని మీద ఎగిరేవాళ్ళు. ఒక ఏడు కంపెనీ నిజంగానే కట్టింది. రెండు వారాలు వీధి ఖాళీగా ఉంది. మూడో వారానికి కొత్త గదులు కూడా నిండాయి, బారు మళ్ళీ చర్చి మలుపు దాకా వచ్చింది. "వీధిలో బారు ఎంత పొడుగో చెప్పేది గది కాదు, ధాన్యం పట్టుకుపోయే రైలు. రైలు రాకపోతే ఎన్ని గదులున్నా ఒకటే," అనేవాడు.

అతను మా దగ్గర చేరిన అయిదో ఏట, ఆరోగ్య కార్యాలయం వాళ్ళు సాస్కటూన్ యూనివర్సిటీలో ఎనిమిది రోజుల తరగతికి ఒక మనిషిని పంపమన్నారు. జనవరి నెల. మైనస్ నలభై డిగ్రీల చలిలో నూట ముప్ఫై కిలోమీటర్లు కారు నడపడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఎర్విన్ వెళ్ళాడు. తరగతి పేరు సిస్టమ్ డైనమిక్స్. మొదటి రోజు మాస్టారు బోర్డు మీద ఒక స్నానాల తొట్టె గీశాడట. పైన కుళాయి, కింద తూము. తొట్టెలో నీళ్ళెన్ని ఉంటాయన్నది ఈ రెండూ కలిసి తేలుస్తాయన్నాడట. జబ్బులూ, మంచాలూ, డాక్టర్లూ, ఎదురుచూపులూ అన్నీ ఇలాంటి తొట్టెలే, ఒకదాని తూము ఇంకోదాని కుళాయి అన్నాడట. అందరూ రాసుకుంటున్నారు. ఎర్విన్ ఒక్కడే నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నావని మాస్టారు అడిగితే, "నేను ఆ తొట్టెలో పందొమ్మిదేళ్ళు పనిచేశానండీ," అన్నాడట.

తిరిగొచ్చిన మనిషి వేరు. కంప్యూటర్‌లో పెట్టెలు గీసి, వాటి మధ్య గొట్టాలు గీసి, గొట్టాల మీద చిన్న కుళాయిలు పెట్టి, మీట నొక్కి పదేళ్ళ కాలాన్ని పది క్షణాల్లో నడిపేవాడు. తెర మీద గీత లేచి, వంగి, మళ్ళీ లేస్తుంటే గాలికి ఊగే చేను చూస్తున్నట్టు చూసేవాడు. కో-ఆప్ దుకాణంలో పొద్దున్నే కాఫీకి చేరే ముసలివాళ్ళు అతన్ని వదిలేవాళ్ళు కాదు. మా మామ ఎప్పుడు పోతాడో నీ పెట్టెనడిగి చెప్పు, పొలం అమ్మాలి అనేవాడొకడు. వాన సంగతి అడుగు అనేవాడొకడు. "నా పెట్టె జోస్యం చెప్పదు. మీరు చేసే తప్పుని ముందే చేసి చూపిస్తుంది, అంతే," అని కప్పు నింపుకునేవాడు ఎర్విన్.

మెల్లగా ఆరోగ్య కార్యాలయం వాళ్ళకి అతని పని అవసరమైంది. ఏదైనా కొత్త నిర్ణయం తీసుకునే ముందు, ఎర్విన్, ఒకసారి నడిపి చూడు అనడం అలవాటైంది. అయితే అతను ఒంటరిగా బొమ్మ గీసేవాడు కాదు. మాంసం చుట్టే గోధుమరంగు కాగితాన్ని కో-ఆప్ నుంచి చుట్టగా తెచ్చి, మంచు మీద రాళ్ళు జార్చే ఆట ఆడే కర్లింగ్ క్లబ్బు మేడ మీది గోడకి అంటించేవాడు. డాక్టరు దగ్గర్నుంచి అంబులెన్స్ డ్రైవరు దాకా అందర్నీ పిలిచి, తలా ఒక పెన్సిల్ ఇచ్చేవాడు. పెన్నుకి అనుమతి లేదు. ఆ గోడ దగ్గర ఒక నియమం ఉండేది. తప్పు ఫలానావాళ్ళదని ఎవరైనా అంటే, వాళ్ళ పేరు రాసి అక్కణ్ణుంచి బాణం గీయాలి. ఆ తప్పు దేన్ని కదిలిస్తుంది, అది ఇంకేం కదిలిస్తుంది అని బాణం వెంట బాణం గీసుకుంటూ పోవాలి. గీసినవాడి దగ్గరికి తిరిగి వచ్చేదాకా ఆపకూడదు. ఇల్లు చేరని బాణం పూర్తయినట్టు కాదు, అనేవాడు ఎర్విన్. పొద్దున ఒకరి మీద ఒకరు నిప్పులు చెరుగుకుంటూ వచ్చినవాళ్ళు, మధ్యాహ్నానికి ఆ కాగితం ముందు తమ వేలితో తమనే చూపించుకుని నవ్వడం నేను చాలాసార్లు చూశాను. తర్వాత అందరూ జున్ను కూరిన వెరెనికె తినేవాళ్ళు, మీగడ పులుసుతో.

ఇక అసలు సంగతి.

మా ఆసుపత్రిలో ఇరవై రెండు మంచాలు. ఆ ఏడు మామూలు రోజుల్లో ఎప్పుడు లెక్కపెట్టినా ఇరవై రెండూ నిండే ఉండేవి. వాటిలో తొమ్మిదింటి మీద ఉన్నవాళ్ళకి జబ్బు లేదు. జబ్బు తగ్గిపోయింది, ఇంటికి పోయే దారి లేదు. ఏడో మంచం జస్టీనా హ్యామ్‌ది. ఎనభై ఆరేళ్ళ మనిషి. మూడో తరగతిలో ఎర్విన్‌కి లెక్కలు చెప్పింది ఆమే. కర్లింగ్ క్లబ్బులో నలభై ఏళ్ళుగా స్కోరు పలకలు తగిలించేది ఆమే. ఊళ్ళో అందరికీ తాంతె జస్టీనా. మా పెద్దమ్మలనీ పిన్నులనీ మేం అలాగే పిలుస్తాం. నవంబరులో మెట్టు మీద జారి తుంటి విరిగింది. జనవరికి ఎముక అతుక్కుంది. నడిచే చట్రం పట్టుకుని వార్డంతా తిరుగుతోంది. కానీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మనిషి వచ్చి స్నానానికీ బట్టలకీ సాయం చేస్తేగాని ఇంట్లో ఉండలేదు. నీలం తలుపున్న ఆమె ఇల్లు మా ఆసుపత్రికి రెండు వీధుల అవతల. కిటికీ దగ్గర నిలబడితే పొగగొట్టం కనిపిస్తుంది. ఇళ్ళకి వెళ్ళి సాయం చేసే జట్టులో ఉన్నది నలుగురు. వాళ్ళు తిరగాల్సింది నలభై మైళ్ళు. కొత్తగా ఒక్క ఇల్లు చేర్చుకునే సందు కూడా లేదని ఆ జట్టు పెద్ద లవోన్ చెర్నెస్కీ ప్రతి వారం వచ్చి చెప్పేది, చెప్పి ఏడో మంచం పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకునేది. జస్టీనాయే ఆమెని ఊరడించేది.

మార్చిలో నగరం నుంచి రూత్ ఓస్మండ్ వచ్చింది. ప్రాంతం మొత్తానికి ఆరోగ్య పథకాలు చూసేది ఆమె. మంచి మనిషే, నిద్ర చాలని మనిషి. నగరంలోని పెద్దాసుపత్రి నడవాల్లో రోగులు మంచాల కోసం పడిగాపులు పడుతున్నారు, అక్కడ పదహారు మంచాల కొత్త వార్డు కట్టాలి అంది. దానికి కావలసిన డబ్బు దొరకాలంటే మా ఇంటి సాయం జట్టుని ఎత్తేయాలి. ఇక్కడ ఎదురుచూస్తున్న తొమ్మిదిమందిని, ఎక్కడ ఖాళీ ఉంటే ఆ వృద్ధాశ్రమానికి పంపాలి. జస్టీనాకి చూసిన చోటు రెండు వందల కిలోమీటర్ల అవతల. ఈ మాట ఆమెతో చెప్పిన రోజు అల్లుతున్న టోపీ కింద పెట్టి, "అక్కడ కర్లింగ్ ఉందా?" అని ఒక్కటే అడిగింది. లేదన్నాను. టోపీ మళ్ళీ చేతిలోకి తీసుకుంది గానీ, సూదులు కదపలేదు.

ఎర్విన్ గోడకి కాగితం అంటించాడు. కంప్యూటర్‌లో పెట్టెలూ కుళాయిలూ అమర్చాడు. పదహారు మంచాలు చేర్చి నడిపితే పదకొండు నెలలు ఎదురుచూసేవాళ్ళ గీత కిందికి దిగి, తర్వాత మళ్ళీ నిండి, మునుపటికంటే మీదికి పోయింది. అవే గదులు, అదే బారు. అదే నలుగురు సహాయకుల్ని ఆరుగురిని చేస్తే, గీత మెల్లగా, జాగుగా, కానీ గట్టిగా కిందికి దిగి అక్కడే నిలిచింది. రూత్ చాలాసేపు చూసింది.

"ఎర్విన్, మీ బొమ్మ బాగుంది," అంది చివరికి. "కానీ ఇంట్లో మనిషి ఉంటే మంచం ఖాళీ అవుతుందని మీరు అనుకున్నారు, అనుకుని గొట్టం గీశారు. అది ఎంత లావు గొట్టమో మీరే ఊహించారు. నిజంగా అలా జరిగిన రోజు ఒక్కటి చూపించండి. నేను ఊహని పట్టుకుని పెద్దల ముందుకు పోలేను."

సహాయకులు ఎప్పుడూ నలుగురే. అయిదుగురైన రోజు లేదు, ఆరుగురైన రోజు లేదు. జరగని దాన్ని ఎర్విన్ ఎక్కణ్ణుంచి తెస్తాడు? రూత్ ఏప్రిల్ ఇరవై ఒకటో తేదీ దాకా, మూడు వారాలు గడువిచ్చి వెళ్ళింది.

ఆ మూడు వారాలూ అతను కో-ఆప్‌కి కాఫీకి రాలేదు. ముసలివాళ్ళకి వెక్కిరించడానికి మనిషి లేక దిగాలు పడ్డారు. ఎర్విన్ తొమ్మిదేళ్ళ లెక్కల్ని ముందేసుకుని, ఆసుపత్రి ఎప్పుడైనా ఒక్కసారి ఖాళీ అయిందా అని వెతికాడు. ఎక్కడా లేదు. గీత బల్లలా చదునుగా ఉంది. బయట మంచు కరిగి చూరుల నుంచి బొట్లు బొట్లుగా రాలుతోంది, పొలాల్లో నీటి మడుగులు ఆకాశాన్ని కింద పరుచుకుంటున్నాయి. అతను మాత్రం ఆ చదును గీత మీదే వేలు పెట్టుకుని కూర్చున్నాడు.

గడువుకి అయిదు రోజుల ముందు, ఓడిపోయానని చెప్పడానికి ఏడో మంచం దగ్గరికి వచ్చాడు. చేతిలో వాళ్ళావిడ చేసిన పండ్ల రొట్టె ముక్కలున్న డబ్బా. నేను పక్క మంచం వివరాలు రాసుకుంటున్నాను. అతను తల వంచుకుని చెప్పినదంతా జస్టీనా విని, రొట్టె ముక్క ఒకటి తీసుకుని, "చక్కెర తక్కువైంది. నేను ఇంటికెళ్ళినప్పుడు నా చేతి రొట్టె ఇచ్చాగా మీ ఆవిడకి, రుచి చూసి నేర్చుకోమని," అంది.

ఎర్విన్ తల ఎత్తాడు. "ఎప్పుడు ఇంటికెళ్ళారు తాంతె?"

"ఎప్పుడేమిటిరా, బాన్‌స్పీల్‌కి. కాల్గరీ నుంచి మా మేనల్లుడూ పెళ్ళాం పిల్లలూ దిగారు. పది రోజులూ ఇంట్లోనే ఉన్నాను. స్కోరు పలకలు నేనే తగిలించాను. నువ్వు ఆఖరి రాయి గురి తప్పి తుడుపు కర్ర నేలకేసి కొట్టినప్పుడు, నేను ఇటు నుంచి చెయ్యి కూడా ఊపాను. నువ్వూ ఊపావు."

నిజమే, ఊపాడు. ఊళ్ళో అందరం చూశాం.

బాన్‌స్పీల్ అంటే మాకు ఫిబ్రవరిలో పది రోజులు. మంచు పలక మీద రాళ్ళు జార్చే పోటీలు. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళంతా జట్లు కట్టుకుని వచ్చేస్తారు. ఇళ్ళల్లో నేల మీద కూడా పరుపులు పడతాయి. ఆ పది రోజులూ బ్యాంకు మధ్యాహ్నమే మూసేస్తారు, కార్యాలయాల్లో కాగితం కదలదు, తేదీలు ఎవరికీ గుర్తుండవు. ఆ వారం రాసిన ఏ అంకెనీ డ్రై క్రీక్‌లో ఎవరూ నమ్మరు. అది మాకు పుట్టుకతో వచ్చిన తెలివి.

ఎర్విన్ ముఖం తెల్లబడింది. తర్వాత ఎర్రబడింది. తర్వాత ఏ రంగూ తేల్చుకోలేకపోయింది. నా వైపు తిరిగాడు.

"వయోలా, బాన్‌స్పీల్ రోజుల్లో మంచాల లెక్క ఎవరు రాస్తారు?"

"నేనే."

"నువ్వు మైదానంలో ఉంటావు కదా?"

"నాకు కర్లింగ్ రాదు ఎర్విన్. ఇరవయ్యేళ్ళుగా పక్క బల్ల దగ్గర కూర్చున్నావు."

ఈ ఊళ్ళో పుట్టి రాయి జార్చడం రానిది నేనొక్కదాన్నే. చిన్నప్పుడు మంచు మీద పడి పన్ను విరిగింది, మళ్ళీ కాలు పెట్టలేదు. అందరూ వెళ్ళిపోతే ఆసుపత్రి చూసుకునేది నేనూ, ఇద్దరు నర్సులూ, డాక్టరూ. పొద్దున ఏడింటికి మంచం మంచం తిరిగి లెక్క రాసేదాన్ని. మామూలు రోజుల కంటే శ్రద్ధగానే రాసేదాన్ని, వేరే పని లేదు కాబట్టి.

అతను పరుగెత్తాడు. అరవై రెండేళ్ళ మనిషి పరుగెత్తడం చూసి వార్డులో ముసలివాళ్ళు లేచి కూర్చున్నారు. నేనూ వెంట వెళ్ళాను. కంప్యూటర్ తెరిచి, తొమ్మిదేళ్ళ లెక్కల్లో ప్రతి ఫిబ్రవరినీ విప్పి చూపించాడు. పది రోజుల చొప్పున గళ్ళు ఖాళీ. పక్కన అతని చేత్తో రాసిన మాట: బాన్‌స్పీల్, నమ్మరాదు. ముందూ వెనకా ఉన్న అంకెల్ని కలుపుతూ ఆ ఖాళీల మీదుగా సాఫీగా గీత గీసేశాడు. అందుకే అతని గీత బల్లలా ఉంది. నా తొమ్మిదేళ్ళ ఫిబ్రవరి లెక్కని చదవకుండానే పారేశాడు. ఏటా జరిగేదే, అతనికి తెలిసే ఉంటుందని నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

కోపం రావలసింది. కానీ అతని ముఖం చూస్తే నవ్వొచ్చింది. అల్మరా తెరిచి నా పాత చీటీల పెట్టె అతని ముందు పెట్టాను. నేను చదివాను, అతను ఎక్కించాడు. ఇరవై రెండు, ఇరవై రెండు, పందొమ్మిది, పదిహేను, పదమూడు, పదమూడు, పదమూడు. పోటీలు ముగిసిన సోమవారం పద్దెనిమిది. బుధవారానికి మళ్ళీ ఇరవై రెండు. ఏటా అంతే. చదును గీత మీద ఒక లోయ పుట్టింది, దాని పక్కన ఇంకో లోయ, ఇంకోటి. ఒక్కొక్కటీ తెర మీద దిగుతుంటే, ఎన్నాళ్ళుగానో ఊపిరి బిగబట్టిన మనిషి వదిలినట్టుంది. ఎర్విన్ లోయల్ని వేలితో నిమిరాడు.

ఒక్క ఏడు మాత్రం లోయ లేదు. ఆ ఫిబ్రవరి కూడా చదునుగా సాగింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మంచు గడ్డకట్టించే యంత్రం పాడై బాన్‌స్పీల్ ఆగిపోయిన ఏడు అది. ఆ ఏడు ఎవరూ రాలేదు. ఇళ్ళల్లో మనుషులు లేరు.

"వయోలా," అన్నాడు మెల్లగా, "రైలు వచ్చిన రోజులు ఇవి. నేను వాటినే చింపి పారేశాను."

ఏప్రిల్ ఇరవై ఒకటిన అందరం క్లబ్బు మేడ మీద చేరాం. కింద మంచు కరిగించేసిన మైదానం ఖాళీ సిమెంటు నేలగా ఉంది. రంగు వలయాలు లేని ఆ నేలని చూస్తే మాకు ఎప్పుడూ కొంచెం బెంగగా ఉంటుంది. గోడ మీద గోధుమరంగు కాగితం. రూత్ వచ్చింది. ఎర్విన్ మొదట తన తప్పు చెప్పాడు. తొమ్మిదేళ్ళు వయోలా లెక్కని నమ్మకుండా పారేశానని అందరి ముందూ అన్నాడు. నేను చెవుల దాకా ఎర్రబడ్డాను. తర్వాత ఎనిమిది లోయలూ చూపించాడు. లోయ లేని ఏడునీ చూపించాడు.

రూత్ తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. డాక్టర్లు ఆట కోసం రోగుల్ని తొందరగా పంపేసి ఉంటారేమో అంది. మా డాక్టరు దక్షిణాఫ్రికా నుంచి వచ్చినవాడు. చెయ్యెత్తి, మంచు మీద నిలబడడం తనకి ఇప్పటికీ రాదని, వయోలా ఆ సంగతికి సాక్ష్యం చెబుతుందని అన్నాడు. మరి క్రిస్మస్‌కి కూడా జనం వస్తారుగా, అప్పుడెందుకు లోయ లేదంది. ఆ జవాబు లవోన్ ఇచ్చింది. క్రిస్మస్‌కి వచ్చేవాళ్ళు విందు తిని రెండో రోజే పోతారు, పైగా అది జ్వరాల కాలం. రెండు రోజుల కోసం ఏ ముసలమ్మా మూట కట్టుకుని ఇంటికి పోదు. బాన్‌స్పీల్‌కి వచ్చినవాళ్ళు పది రోజులుంటారు. వెళ్ళినవాళ్ళ పేర్లు ఆమె తెచ్చింది. ఇంట్లో ఎవరూ జబ్బు పడలేదు, ఎవరూ జారి పడలేదు. వాళ్ళు తిరిగి వచ్చింది జబ్బుతో కాదు, ఇల్లు ఖాళీ అయినందుకు.

రూత్ పేర్ల కాగితం తిరిగి లవోన్ చేతికిచ్చింది. తర్వాత, నగరంలో నా ఆసుపత్రి నడవాలు ఎవరివల్ల నిండుతున్నాయో అది చెప్పండి ముందు అంది. ఎర్విన్ ఒక పెన్సిల్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఎవరివల్ల అనుకుంటున్నారో వాళ్ళ పేరు రాయమన్నాడు. ఆమె డ్రై క్రీక్ అని రాసింది. మీ వాళ్ళు మంచాలు ఖాళీ చేయరు, మా రోగుల్ని వెనక్కి తీసుకోరు, అందుకని అక్కడే ఉండిపోతారు అంటూ బాణం గీసింది. అక్కణ్ణుంచి నడవాలు నిండుతాయి, బాణం. నడవాలు నిండితే కొత్త వార్డు అడుగుతారు, బాణం. కొత్త వార్డుకి కావలసింది ఎక్కణ్ణుంచో తేవాలి, బాణం. ఇంటి సాయం తగ్గుతుంది, బాణం. ఇంటి సాయం తగ్గితే డ్రై క్రీక్‌లో మంచాలు ఖాళీ కావు.

పెన్సిల్ అక్కడ ఆగింది. ఆ చుట్టులో రెండు బాణాలు ఆమె బల్ల మీదుగానే పోతున్నాయి. ఆమె వాటిని చూసి, మమ్మల్ని చూసి, మళ్ళీ వాటిని చూసి, వచ్చిన దగ్గర్నుంచి మొదటిసారి నవ్వింది.

"నూట ముప్ఫై కిలోమీటర్లు వచ్చి నన్ను నేనే పట్టుకున్నాను," అంది.

ఊళ్ళో చెప్పుకున్నట్టు ఆ రోజే అంతా తేలిపోలేదు. పెద్దల దగ్గర ఆమె పోట్లాడవలసి వచ్చింది. చివరికి కొత్త వార్డు ఆగింది, పద్దెనిమిది నెలల పాటు. ఆలోపు లవోన్ జట్టు ఆరుగురు కావాలి. గీత ఎర్విన్ చెప్పినట్టు దిగకపోతే వార్డు కడతారు. అతను ఆ షరతుని సంతోషంగా ఒప్పుకున్నాడు. ఓడిపోతే ఎలా తెలుస్తుందో ముందే చెప్పిన వాళ్ళతోనే పందెం కాయాలి అన్నాడు.

మే నెలాఖరున, దారుల పక్క సాస్కటూన్ పండ్ల పొదలన్నీ తెల్లగా పూసిన రోజున, జస్టీనా ఇంటికి వెళ్ళింది. రెండు వీధులే కదా, కారు ఎందుకు అంది. నడిచే చట్రం పట్టుకుని తనే బయల్దేరింది. కొత్తగా చేరిన సహాయకురాలు ఒక పక్కన, ఎర్విన్ సంచి మోస్తూ ఇంకో పక్కన. పూలు రాలి చట్రం చక్రాలకి అంటుకున్నాయి. అరగంట పట్టింది. దారి పొడుగునా ఎర్విన్‌కి మూడో తరగతి ఎక్కాలు అప్పజెప్పించిందట. ఏడో ఎక్కంలో తడబడ్డాడట. నీలం తలుపు తీసి లోపలికి అడుగు పెట్టి, ఇల్లంతా ఒకసారి వాసన చూసి, "పొయ్యి వెలిగించు," అందట సహాయకురాలితో, "ఈ అబ్బాయికి చక్కెర సరిగా వేసిన రొట్టె తినిపించాలి."

ఆ ఎండాకాలంలో గీత కదలలేదు. కో-ఆప్ ముసలివాళ్ళు రోజూ అడిగేవాళ్ళు. జాగు ఉంటుంది, తూము తెరిచిన వెంటనే తొట్టె ఖాళీ కాదు అనేవాడు. సెప్టెంబరులో ఒకటి తగ్గింది. అక్టోబరులో మూడు. డిసెంబరుకి నా లెక్క పద్నాలుగు దగ్గరికి వచ్చి అక్కడక్కడే తచ్చాడింది. జ్వరాల కాలంలో పదిహేడుకి లేచి మళ్ళీ దిగింది. నగరం నుంచి మా ఊరివాళ్ళు వారం తిరక్కుండానే వెనక్కి రాసాగారు, ఇక్కడ వాళ్ళకి మంచం ఉంది కాబట్టి. రూత్ ఫోన్ చేసి ఒకసారి ఎర్విన్‌తో ఏమీ మాట్లాడకుండా, నడవా ఎలా ఉందో వినమని ఫోను గాలిలో పట్టుకుందట. ఏమీ వినిపించలేదట. ఆ ఏమీ వినిపించకపోవడం గురించి అతను నాకు పది నిమిషాలు చెప్పాడు.

ఫిబ్రవరి వచ్చింది. బాన్‌స్పీల్ వచ్చింది. ఇళ్ళల్లో పరుపులు పడ్డాయి. నేను పొద్దున ఏడింటికి మంచం మంచం తిరిగి లెక్కపెట్టి, చీటీ జేబులో పెట్టుకుని, చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి క్లబ్బుకి వెళ్ళాను. మంచు మీద కాలు పెట్టలేదు గానీ, అద్దాల వెనక కూర్చున్నాను. కింద జస్టీనా స్కోరు పలకల దగ్గర, తనే అల్లుకున్న టోపీ పెట్టుకుని నిలబడి ఉంది. ఆఖరి రోజు ఎర్విన్ మళ్ళీ ఆఖరి రాయి గురి తప్పాడు. ఈసారి తుడుపు కర్ర నేలకేసి కొట్టలేదు. నేరుగా మా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. నా పది రోజుల చీటీలు ఇచ్చాను.

పద్నాలుగు, పద్నాలుగు, పదమూడు, పద్నాలుగు. ఆ వరసలో ఎక్కడా లోయ లేదు. ఇంటికి పోవలసినవాళ్ళు ఎప్పుడో ఇంటికి పోయారు. పండుగ కోసం ఎవరూ ఎదురుచూడనక్కర్లేదు. ఎర్విన్ ఆ చీటీల్ని పేకముక్కల్లా పరిచి, చదును గీతని చూసి, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. ఒకప్పుడు అతన్ని మూడు వారాలు ఏడిపించిన గీతే, ఎనిమిది మెట్లు కిందికి దిగి కూర్చుంది.

జస్టీనా చట్రం తోసుకుంటూ వచ్చి, అతని భుజం మీదుగా చీటీలు చూసింది. కళ్ళద్దాలు సరిచేసుకుని రెండుసార్లు చూసింది.

"దీన్ని చూస్తే ఈ వారం బాన్‌స్పీల్ జరిగిందని ఎవరైనా అనుకుంటారా?" అంది.

"అనుకోరు తాంతె."

"మంచిది," అని పలకల వైపు తిరిగింది. "ఈసారి పారెయ్యకు. నేను ఇంటి నుంచి వచ్చి ఇంటికే తిరిగిపోయే వారం ఇది."